గీత పడిందా, గీటు అంటిందా? ఒక హోటలు ప్లేట్ల కేసు

నేను మెటలర్జీలో డిప్లొమా చేశాను. ఇరవై ఏళ్లుగా తిరుపతిలో పాత్రల పాలిషింగ్, బఫింగ్ షాపు నడుపుతున్నాను. ఇత్తడి సెమ్మెలు, రాగి బిందెలు, పెళ్లి వంటవాళ్ల గుండిగలు, హోటళ్ల స్టీలు కౌంటర్లు, ఇవీ మా దగ్గరికి వచ్చేవి. పింగాణీ మా పని కాదు. అయినా ఒక పింగాణీ ప్లేట్ల కేసు చేతికి వచ్చింది. మొదటి రోజే తప్పు చెప్పాను. ఆ మాట పట్టుకుని ఒక సప్లయరుకు రావలసిన బాకీ నెల రోజులు ఆపేశారు. అందుకే ఇది రాసి పెడుతున్నాను. హోటలు ఏ వీధిలో ఉందో చెప్పను, మనుషుల గుర్తులు కూడా కొన్ని మార్చాను. ప్లేట్ల సంగతి మాత్రం జరిగింది జరిగినట్టే.

నేపథ్యం

అది శాకాహార హోటలు. కింద మామూలు హాలు, పైన ఏసీ హాలు. కింద స్టీలు ప్లేటులో అరిటాకు వేసి పెడతారు, అక్కడ ఏ గొడవా లేదు. పై హాలును బాగుచేయించినప్పుడు తెల్లటి పింగాణీ ప్లేట్లు 240 కొన్నారు. కొత్త స్టీలు స్పూన్లు, ఫోర్కులు, టేబుళ్ల మీద గాజు పలకలు కూడా అప్పుడే వచ్చాయి. నన్ను పిలిచేసరికి అంతా నాలుగు నెలల సామాను. కొండ దిగి వచ్చే కుటుంబాలు ఎక్కువగా పై హాలుకే వెళతాయి కాబట్టి శని, ఆదివారాల్లో ఒక్కో ప్లేటు రోజుకు ఐదారు సార్లు సింకులో పడుతుంది.

వచ్చిన సమస్య

ఓనరు ఫోన్ చేసి చెప్పిన మాటలు ఇవి. "అన్నా, కొత్త ప్లేట్లన్నీ గీతలు పడిపోయినాయి. గీతల్లోకి మురికి దిగి నల్లగా అయినాయి. ఎంత తోమినా పోతా లేదు. బఫింగ్ పెట్టి తీసేస్తావా?"

దీని వెనక ఇంకో సంగతి ఉంది. అంతకు రెండు రోజుల ముందు ఒక పెద్దాయన ప్లేటు ఎత్తి చూపించి, దర్శనానికి పోయేవాళ్లకు ఎంగిలి ప్లేటులో పెడతారా అని హాలంతా వినపడేలా అరిచి వెళ్లిపోయాడట. తిరుపతిలో హోటలు నడిపేవాడికి అంతకంటే పెద్ద మాట లేదు. ఆ రాత్రి ఓనరు నిద్రపోలేదు.

నేను వెళ్లేలోపు వాళ్లు చేయగలిగినవన్నీ చేసేశారు. ఉప్పునీళ్ల మరకేమో అని నిమ్మకాయ రుద్దారు. బోరు నీటి తెల్లపొర పోయింది, దాంతో నల్ల గీతలు ఇంకా తేటగా కనిపించాయి. చింతపండుతో తోమారు, లాభం లేదు. బ్లీచింగ్ నీళ్లలో రాత్రంతా నానబెట్టారు. ప్లేట్లు అలాగే ఉన్నాయి, అదే తొట్టిలో ఉండిపోయిన స్పూన్ల మీద మాత్రం సూదిపోట్ల లాంటి తుప్పు చుక్కలు లేచాయి. చివరికి గిన్నెలు తోమే పొడి, పచ్చ స్క్రబ్బరు, స్టీలు పీచు తీసుకుని పట్టుదలగా రుద్దారు. స్టీలు పీచుతో రుద్దిన ప్లేట్లు మిగతా వాటికంటే నల్లగా ఉన్నాయి. ఆ సంగతి నాకు చెప్పారు కూడా. నేనే చెవిన పెట్టలేదు. అక్కడే జవాబు దొరికి ఉండేది.

స్పూన్లను కూడా అనుమానించారు. అయస్కాంతం అంటుకుంటే నాసిరకం స్టీలు అని మన దగ్గర ఒక నమ్మకం ఉంది కదా, అలా పరీక్షించి సగం స్పూన్లు పక్కన పెట్టారు. అయస్కాంతానికి స్టీలు కాఠిన్యంతో సంబంధం లేదు. 430 రకం అయస్కాంతానికి అంటుకుంటుంది, అదీ మంచి స్టీలే. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చవక 200 సిరీస్ అంటుకోదు. పక్కన పెట్టినవాటిలో మంచివి ఎన్ని ఉన్నాయో!

నా మొదటి తీర్పు

ప్లేటు చేతికి తీసుకున్నాను. మధ్యలో పెన్సిలుతో గీసినట్టు బూడిద రంగు గీతలు, అంగుళం, అరంగుళం పొడవున, అన్ని దిక్కులకూ ఉన్నాయి. దోశ తుంచే చోట ఎక్కువ. నా సంచిలో ఉన్న కత్తి తీసి, గీతలు లేని అంచు మీద గట్టిగా ఒక గీత లాగాను. నల్లగా పడింది.

"గ్లేజు మెత్తది అన్నా, మంచి పింగాణీ మీద కత్తి గీత పడకూడదు" అన్నాను. గ్లేజు అంటే పింగాణీ పైన ఉండే గాజు లాంటి పూత.

ఆ మాట వెనక లెక్క ఉంది. 1812లో జర్మనీకి చెందిన ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ పది మెట్ల వరస ఒకటి పెట్టాడు. ఒకటో మెట్టు బలపపు రాయి జాతి టాల్క్, రెండు జిప్సం, మూడు కాల్సైట్, నాలుగు ఫ్లోరైట్, ఐదు ఎపటైట్, ఆరు ఫెల్డ్‌స్పార్, ఏడు పలుగురాయి, ఎనిమిది టోపాజ్, తొమ్మిది కురువిందం, పది వజ్రం. పై మెట్టుది కింది మెట్టుదాన్ని గీస్తుంది. మన గోరు రెండున్నర, రాగి మూడు, కత్తి ఐదున్నర, కిటికీ గాజు కూడా ఐదున్నర దగ్గరే. మంచి పింగాణీ గ్లేజు ఆరు దరిదాపుల్లో ఉండాలి. కత్తికి గీత పడిందంటే గ్లేజు అంతకంటే కింద ఉన్నట్టే కదా, అనుకున్నాను.

లెక్క సరైనదే, పరీక్ష చేసిన తీరే తప్పు. గీత లాగాక వేలు తడిపి తుడిచి, గోరుతో తడిమి, అది నిజంగా గాడి అవునా కాదా చూడాలి. రాళ్లు పరీక్షించేవాళ్లు పిల్లలకు నేర్పే మొదటి జాగ్రత్త అది. స్టీలుతో ఇరవై ఏళ్లు పనిచేసినవాణ్ని, నేనే మరిచాను. నా మాట విని ఓనరు ఆ సాయంత్రమే ప్లేట్ల సప్లయరుకు ఫోన్ చేసి, బాకీ ఇవ్వనని చెప్పేశాడు.

అనుమానం ఎక్కడ మొదలైంది

రెండు ప్లేట్లు షాపుకు తెచ్చుకున్నాను. బఫింగ్ పెట్టాలంటే గాడి ఎంత లోతుందో తెలియాలి. గోరుతో అడ్డంగా గీకాను, ఎక్కడా తగల్లేదు. ఇత్తడి మీద కంటికి కనిపించీ కనిపించని గాడి కూడా గోరుకు తగులుతుంది. ఇంత నల్లగా ఉన్న గీత తగలకపోవడమేంటి?

భూతద్దం కోసం మా లైనులోనే ఉన్న కంసాలి పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన పది రెట్ల భూతద్దం కంటికి పెట్టుకుని, ప్లేటును దీపం కింద ఏటవాలుగా తిప్పాడు. చూసి, భూతద్దం నాకివ్వకుండానే నవ్వాడు.

"ఏం నాయనా, ఇది గీత అంటావేంది? గీటు కదా!"

తన వేలి ఉంగరం తీసి ప్లేటు అంచు మీద నొక్కి లాగాడు. పసుపు పచ్చటి సన్నటి చార పడింది. "నా బంగారం మెత్తనా, నీ ప్లేటు మెత్తనా, ఇప్పుడు చెప్పు" అన్నాడు.

గీటురాయి మీద కంసాలి చేసేది అదే. రాయి గట్టిది, బంగారం మెత్తది. రుద్దితే రాయి అరగదు, బంగారమే కొద్దిగా రాలి రాతికి అంటుకుంటుంది. ఆ చార రంగు చూసి, దాని మీద యాసిడ్ చుక్క వేసి బంగారం మేలిమి ఎంతో చెబుతాడు. హోటల్లో జరిగినదీ అదే. ప్లేటు గీటురాయి, స్పూను బంగారం. ప్లేటు మీద ఉన్నది మురికి దిగిన గాడి కాదు, స్పూను నుంచి రాలిన స్టీలు. నా కత్తి గీత కూడా అదే. అంటే గ్లేజు గట్టిదని ప్లేటే నాకు రుజువు చూపిస్తుంటే, నేను మెత్తదని తీర్పు చెప్పాను.

స్టీలు పీచుతో తోమితే ప్లేట్లు ఇంకా నల్లబడటం ఎందుకో అప్పుడు వెలిగింది. గీటు చెరపడానికి గీటు పెట్టారు.

మరి స్టీలు అంటే గట్టిది కదా అని ఓనరే కాదు, మా షాపు కుర్రాడు కూడా అడిగాడు. తెలుగులో గట్టి అనే ఒక్క మాటతో రెండు గుణాలను చెప్పేస్తాం, చిక్కంతా అక్కడే. కిందపడితే స్పూను వంగుతుందేమో గాని పగలదు, ప్లేటు ముక్కలవుతుంది. ఆ గట్టితనం దెబ్బకు ఓర్చుకోవడం. రుద్దినప్పుడు ఎవరు అరుగుతారు అన్నది వేరే గుణం, పుస్తకాల్లో కాఠిన్యం అనేది దాన్నే. ఆ కాఠిన్యాన్ని అంకెల్లో చెప్పే విక్కర్స్ కొలతలో మామూలు స్టీలు స్పూను 200 అటూ ఇటూ ఉంటుంది, కిటికీ గాజు 500 దాటుతుంది. వేడిచేసి చల్లార్చి గట్టిపరిచిన కత్తి, ఆకురాయి లాంటివి స్టీలే అయినా పైకి వెళతాయి, ఆకురాయి గాజును గీస్తుంది కూడా. స్పూనుకు ఆ పని చేయరు. అది వంగకుండా ఉంటే చాలు.

తెల్ల ప్లేట్లకే ఈ బాధ ఎక్కువ ఎందుకన్నది ఇంకో ముచ్చట. గ్లేజు పాలలా తెల్లగా రావడానికి అందులో జిర్కాన్ అనే ఖనిజం కలపడం మామూలు. జిర్కాన్ మోస్ మెట్లలో ఏడున్నర. కంటికి నున్నగా కనిపించే ప్లేటు పైన ఆ పలుకులు ఎక్కడైనా తల ఎత్తితే, స్పూనుకు అది ఆకురాయే.

ఒక తప్పు మలుపు

ఇది స్టీలే అని తేల్చుకోవాలి. కంసాలి పెద్దాయన తన అలవాటు కొద్దీ ఒక చుక్క నైట్రిక్ యాసిడ్ వేశాడు. గీటు కదల్లేదు. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. లోహమైతే కరగాలి కదా?

దుకాణం మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది. స్టెయిన్‌లెస్ స్టీలును నైట్రిక్ యాసిడ్ ఏమీ చేయదు. పైగా దాని మీద ఉండే క్రోమియం ఆక్సైడ్ పొరను గట్టి చేస్తుంది. మా షాపులోనే స్టీలు సామాను పని అయ్యాక ప్యాసివేషన్ కోసం అందులో ముంచుతాం. రాగి, ఇత్తడి, వెండి గీటు అయితే ఆ చుక్కకు పోయేది. అంటే యాసిడ్‌కు గీటు లొంగకపోవడం నా అనుమానాన్ని కొట్టేయలేదు, బలపరిచింది.

స్టీలుకు కావలసింది వేరే జాతి యాసిడ్. తుప్పు మరకలు తీయడానికి మా దగ్గర ఆక్సాలిక్ యాసిడ్ పొడి ఎప్పుడూ ఉంటుంది, మార్బుల్ పాలిష్ వాళ్లు వాడేది అదే. చేతికి గ్లవుజులు వేసుకుని, పావు లీటరు నీళ్లలో ఒక టీస్పూను పొడి కలిపి, గుడ్డ తడిపి గీటు మీద పరిచి పది నిమిషాలు ఉంచాను. తరవాత మెత్తటి స్పాంజితో తిప్పి తిప్పి తుడిచాను. మొదటి తడవకే పలచబడింది, రెండో తడవకు పోయింది. ప్లేటును దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే గ్లేజు అద్దంలా ఉంది. ఎక్కడా గాడి లేదు.

ఆ రాత్రే ఓనరుకు ఫోన్ చేశాను. నేను చెప్పింది తప్పని ఒప్పుకోవడం కంటే, సప్లయరుకు నువ్వు ఫోన్ చేసి చెప్పాలన్నా అనడం కష్టమైంది. ఆయన ఒక నిమిషం మాట్లాడలేదు. తరవాత, "అన్నీ అట్లాంటివేనా? అన్నీ పోతాయా?" అని అడిగాడు. ఒక ప్లేటు చూసి 240కి జవాబు చెప్పే పొరపాటు మళ్లీ చేయదలచుకోలేదు. రేపు వచ్చి అన్నీ చూస్తాను అన్నాను.

ప్లేట్లను వేరుచేయడం

మధ్యాహ్నం భోజనాల తరవాత హాలు ఖాళీ అయ్యాక టేబుళ్ల మీద ప్లేట్లన్నీ పరిచాం. లైట్లు ఆర్పి సెల్‌ఫోను టార్చి పక్కనుంచి వేశాం. నేరుగా చూస్తే ఒకేలా కనిపించే ప్లేట్లు ఏటవాలు వెలుతురులో మూడు జాతులుగా విడిపోయాయి.

దాదాపు మూడు వంతుల ప్లేట్ల మీద ఉన్నవి ఒట్టి గీట్లే, కింద గ్లేజు బాగుంది. రెండో రకానికి మధ్యలో విల్లు వంపు గీతలు ఉన్నాయి, అన్నీ ఒకే వ్యాసంలో, వృత్తం ముక్కల్లా. గోరుకు తగిలాయి. ఇవి నిజమైన గీతలు. ముప్పై చిల్లర ప్లేట్లది మూడో రకం, గీతంటూ ఏదీ లేదు గాని మధ్యలో మంచు పట్టినట్టు మసక. ఇవి తోమే పొడీ స్క్రబ్బరూ పెట్టి పట్టుదలగా రుద్దినవి.

మసకకు కారణం వెతకనక్కర్లేదు. పచ్చ స్క్రబ్బర్లలో చాలావాటికి అల్యూమినియం ఆక్సైడ్ పలుకులు అంటించి ఉంటాయి. అంటే కురువిందం, తొమ్మిదో మెట్టు. కెంపు, నీలం ఆ జాతివే. ఇదొక విచిత్రం. అల్యూమినియం గిన్నె మూడో మెట్టుకు కూడా చేరదు, స్పూను తగిలినా గీత పడుతుంది. అదే అల్యూమినియం ఆక్సిజన్‌తో కలిస్తే వజ్రం కింది మెట్టు ఎక్కి కూర్చుంటుంది. స్టీలు సింకు, గాజు, గ్లేజు, అన్నీ దానికి మెత్తనివే.

మసక పట్టిన ప్లేట్లను చూస్తుంటే ఇంకొకటి తేలింది. గీటు మళ్లీ త్వరగా పట్టేది వీటికే. నున్నదనం పోయిన చోట స్పూను ఎక్కువ రాలుతుంది. నల్లగా ఉందని రుద్దారు, రుద్దినకొద్దీ గరుకైంది, గరుకైనకొద్దీ నల్లబడింది.

వంపు గీతలే అర్థం కాలేదు. స్పూను అంత గుండ్రంగా తిరగదు. మరునాడు టిఫిన్ల వేళ సింకు దగ్గర గంటన్నర నిలబడ్డాను. అక్కడ పనిచేసే అక్క ప్లేట్లు కడిగి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ముప్పై ప్లేట్ల దొంతరను స్టాండు మీదికి జరుపుతుంది. పై ప్లేట్లను తీసేటప్పుడు ఎత్తకుండా పక్కకు లాగుతారు. ప్లేటు తిరగేసి చూశాను. అడుగున నిలబడే రింగుకు గ్లేజు ఉండదు, కొలిమిలో అరకు అతుక్కుపోకుండా అక్కడ పూత తుడిచేస్తారు. వేలు పెడితే గరుకుగా తగిలింది. ఆ రింగు వ్యాసం, కింది ప్లేటులో వంపు గీతల వ్యాసం ఒకటే. ప్లేటును గీసింది ప్లేటే.

"అక్కా, ఇట్లా లాగితే గీతలు పడతాయని ఎవరూ చెప్పలేదా?" అన్నాను. ఆమె చేయి ఆపకుండానే, "నాకు చెప్పింది నల్లగా ఉంటే గట్టిగా తోమమని. గట్టిగానే తోముతా ఉండాను" అంది. ఆమె తప్పు ఏమీ లేదు.

గాజు టేబుళ్లు

ప్లేట్ల సంగతి తేలాక ఓనరు గాజు పలకలు చూపించి, ఇవీ గీట్లేనా, ఇవీ యాసిడ్‌కు పోతాయా అని ఆశగా అడిగాడు. వెంట్రుకలంత సన్నటి తెల్ల గీతలు, ఎక్కువగా అర్ధచంద్రాకారంలో, తుడిచే చేయి తిరిగినట్టు. గీటు అయితే లోహం రంగు ఉంటుంది. తెల్లగా ఉందంటే గాజే లేచిపోయింది.

సర్వర్లు స్టీలు టంబ్లర్లను తప్పుపట్టారు. టంబ్లరు గాజును గీయలేదు, మెట్టు తక్కువ. టంబ్లరుకూ గాజుకూ మధ్యన ఏదో ఉండాలి. టేబుళ్లు తుడిచే గుడ్డ ముంచే బకెట్టు తెప్పించాను. పైపైన నీళ్లు వంపేసి, అడుగున మిగిలిన గుక్కెడు నీటిని గాజు గ్లాసులో పోసి కాసేపు కదలకుండా ఉంచాను. కింద అర చెంచా సన్నటి ఇసుక పేరుకుంది. చిటికెడు తీసి, పాత ఫోటో ఫ్రేము గాజు మీద వేసి, తడిగుడ్డతో నాలుగు సార్లు తిప్పాను. కడిగి వెలుతురుకు పెట్టాను. టేబుల్ మీది గీతలే, అచ్చుగుద్దినట్టు.

ఇసుకలో ఎక్కువ భాగం పలుగురాయి, ఏడో మెట్టు. మన ఊళ్లో దానికి కొరత లేదు. తిరుమల కొండల్లో ఎక్కువగా ఉండేది క్వార్ట్‌జైట్, అంటే పలుగు పలుకులు గట్టిగా అతుక్కుపోయిన రాయి. కొండ మీద అందరూ ఫోటోలు దిగే శిలాతోరణం ఆ రాయే. కొన్ని కోట్ల ఏళ్లుగా అరిగి రాలింది స్వర్ణముఖి ఇసుకలో, మన వీధుల దుమ్ములో ఉంది. యాత్రికుల పాదాలకు, సంచులకు అంటుకుని టేబుల్ దాకా వస్తుంది. స్టీలుకు లొంగని గాజు దుమ్ముకు లొంగుతుంది. చిత్తూరు వైపు గ్రానైటు అరుగులు ఇదే దుమ్మును ఏళ్లకేళ్లు ఓర్చుకుంటున్నాయంటే, గ్రానైటులోనే పలుగూ ఫెల్డ్‌స్పారూ ఉన్నాయి కాబట్టి. పాలరాయి మూడో మెట్టు, హాల్లో అది వేయించి ఉంటే ఏడాదిలో మెరుపు పోయేది.

పనిచేయనివి

మసక ప్లేట్లను బాగుచేద్దామని మా బఫింగ్ మెషీను మీద తెల్ల కాంపౌండుతో, అంటే మెరుగు పెట్టే ముద్దతో, రెండు ప్లేట్లు పట్టాను. మెరుపు రాలేదు, ఒక ప్లేటు వేడెక్కి చిట్లింది. లోహం మీద పైపొరను కొద్దిగా జరిపి నున్న చేయొచ్చు, గాజు జాతి అలా జరగదు, అరుగుతుంది. ఆ పనికి అయ్యే ఖర్చుకు కొత్త ప్లేటు వస్తుంది. వదిలేశాం.

గాజు పలకకు సీరియం ఆక్సైడ్ అనే గాజు మెరుగు పొడి పెట్టి ఫెల్టు చక్రంతో ఒక మూల ప్రయత్నించాను. సన్న గీతలు పోయాయి. కానీ ఆ చోట గాజు కొద్దిగా పల్లమై, ట్యూబులైటు ప్రతిబింబం వంకర తిరిగింది. ఒక్క గీత ఉంటే పనికొచ్చే పద్ధతి అది, టేబులంతా గీతలుంటే కాదు. దాన్నీ ఆపేశాను. దానికి డబ్బు తీసుకోలేదు.

పనిచేసినవి

గీట్లు పడ్డ ప్లేట్లన్నీ రెండు రోజుల్లో ఆక్సాలిక్‌తో తుడిచాం. ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. ఆక్సాలిక్ యాసిడ్ విషం. వంటగదిలో ఉప్పో పంచదారో అనుకునేలా ఉంటుంది. అందుకే హోటలుకు ఆ పొడి ఇవ్వలేదు, మా కుర్రాళ్లతో మేమే హోటలు వెనక ఆరుబయట చేశాం. చేతులకు గ్లవుజులు, కళ్లకు అద్దాలు, ప్రతి ప్లేటునూ మూడు నీళ్లలో కడిగి మళ్లీ సబ్బుతో కడగడం. బ్లీచింగ్ వాడే చోట యాసిడ్ పెట్టనివ్వలేదు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. నిమ్మకాయకు పోని మరక బ్లీచుకు పోతుందేమోనని రెండూ కలిపేవాళ్లను నేను చూశాను.

అడుగు రింగుల పని మాకు చేతనైనదే. చిత్తూరు నుంచి తెప్పించిన గ్రానైటు ముక్క మీద 400 నంబరు వాటర్ పేపరు, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, పరిచి, నీళ్లు చల్లుతూ, ప్లేటును రింగు కిందికి వచ్చేలా వెల్లకిలా ఉంచి పది పదిహేను చుట్లు తిప్పాం. ఆ పేపరు మీద ఉండేది సిలికాన్ కార్బైడ్, కురువిందాన్ని కూడా గీస్తుంది, గరుకు రింగు దానికి ఒక లెక్క కాదు. వేలు పెడితే నున్నగా జారేదాకా చేశాం. 240 ప్లేట్లకు ఇద్దరికి ఒకటిన్నర రోజు పట్టింది. కొన్నప్పుడే చేసి ఉంటే వంపు గీతలు పడేవే కావు.

స్పూన్లలో అయస్కాంతం పరీక్ష తీసేసి, అంచు పరీక్ష పెట్టాం. చవక స్పూన్లను రేకు నుంచి అచ్చు కొట్టి, అంచు సరిగ్గా నున్న చేయకుండా అమ్ముతారు. వేలి కొసకు గరుకు తగిలితే ఆ స్పూను గీటు పెడుతుంది. అలాంటివి మా షాపుకు తెచ్చి అంచులు బఫింగ్ చేసి ఇచ్చాం. కేసు మొత్తం మీద బఫింగ్ మెషీనుకు దక్కిన పని అదొక్కటే.

సింకు దగ్గర పచ్చ స్క్రబ్బరు, తోమే పొడి స్టీలు గిన్నెలకే అని పక్కకు పెట్టించాం. పింగాణీకి మెత్తటి స్పాంజి, సబ్బు నీళ్లు. దొంతర పన్నెండు ప్లేట్లు దాటకూడదు, తీసేటప్పుడు ఎత్తాలి. టేబుళ్లకు ముందు పొడి బ్రష్షుతో దులిపి, తరవాత తడి గుడ్డ. బకెట్లు రెండు, ఒకటి గుడ్డ జాడించడానికి, ఒకటి తడపడానికి. మొదట్లో సర్వర్లు గొణిగారు. గాజు పలకల్లో మరీ పాడైన నాలుగింటిని ఓనరు మార్చాడు, మిగతావాటిని అలాగే ఉంచాడు. మసక పట్టిన ముప్పై చిల్లర ప్లేట్లు స్టాఫు భోజనాలకు వెళ్లాయి.

సప్లయరుకు ఓనరు బాకీ తీర్చేశాడు. నేను కూడా ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. ఆయన పెద్దగా మెత్తబడలేదు. "ఇంకోసారి కత్తి గీసే ముందు నాకు ఒక మాట చెప్పండి సార్" అని పెట్టేశాడు. రింగులు గరుకుగా పంపింది ఆయనే అని నోటి దాకా వచ్చింది గాని, ఆ రోజు ఆ మాట అనే హక్కు నాకు లేదు.

నా పద్ధతిలో మారినవి రెండు. గీత అని ఎవరు ఏది తెచ్చినా, అది స్టీలు కౌంటరైనా వెండి పళ్లెమైనా, ముందు తడి వేలితో తుడుస్తాను, గోరు అడ్డంగా లాగుతాను, టార్చి పక్కనుంచి వేస్తాను. రంగు అంటిందా, ఒళ్లు లేచిందా తేలాకే నోరు తెరుస్తాను. ఒకటి చూసి వందకు చెప్పడం మానేశాను.

మూడు నెలల తరవాత వేరే పని మీద ఆ హోటలుకు వెళ్లాను. ప్లేట్ల మీద గీట్లు మళ్లీ అక్కడక్కడా ఉన్నాయి, ఉంటాయి, స్టీలూ పింగాణీ రోజూ కలిసే చోట పూర్తిగా ఆగవు. ఆరు నెలలకు ఒకసారి తుడిపిస్తే సరిపోయేలా ఉంది. సింకు దగ్గరికి వెళితే, కుళాయి పక్కన మసక ప్లేటు ఒకటి చెక్క స్టాండులో ఆనించి ఉంది. కొత్తగా వచ్చిన డజను స్పూన్లు ముందు పెట్టుకుని, అక్క ఒక్కొక్కటే తీసి ఆ ప్లేటు మీద అంచు లాగి చూస్తోంది. నల్ల చార దట్టంగా పడ్డవి ఎడమ చేతి వైపు, లేనివి కుడి చేతి వైపు. ఎడమ వైపు ఐదు ఉన్నాయి.

"ఇవి నీ షాపుకు పంపించల్ల" అంది, నా వైపు చూడకుండానే.